అర్థమైంది మేడమ్

నా క్లాసులో ఆఖరి ఐదు నిమిషాలకు ఒక ప్రశ్న ఖాయం. "అర్థమైందా?" అంటాను. "అర్థమైంది మేడమ్" అని క్లాసంతా ఒకే గొంతుతో అంటుంది. 'మేడమ్' దగ్గర కొంచెం సాగదీస్తారు. డీఎస్సీలో సెలెక్టై లెక్కల టీచర్‌గా చేరి పదమూడేళ్లయింది. స్కూళ్లు మారాయి, పిల్లలు మారారు, ఆ రాగం మాత్రం మారలేదు. ఆ జవాబు విని సుద్దముక్క డబ్బాలో వేసి స్టాఫ్‌రూమ్‌కి వచ్చేసేదాన్ని. తర్వాత స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దుతుంటే తల పట్టుకోవాల్సి వచ్చేది. అంతమందికి అర్థమైన పాఠం పేపర్లోకి వచ్చేసరికి ఏమైపోయిందో తెలిసేది కాదు.

ఈ ఏడాది వేసవి సెలవుల్లో దీని సంగతేదో తేల్చుకోవాలని కూర్చున్నాను. క్లాసుకు పనికొస్తాయని చెప్పే ఉచిత ఆన్‌లైన్ టూల్స్ ఒక్కొక్కటే తెరిచి చూశాను. ఒక పాత నోట్‌బుక్‌లో పేరు, ఏం చేస్తుంది, ఏం అడుగుతోంది అని గళ్లు గీసుకుని రాసుకున్నాను. పద్నాలుగు చూశాను. జూన్‌లో స్కూలు తెరిచాక క్లాసు దాకా వచ్చినవి అయిదు. ఇవాళ్టికీ వాడుతున్నవి మూడు. ఆ మూడింటి గురించీ, మధ్యలో నేను చేసిన ఒక పొరపాటు గురించీ రాస్తున్నాను.

ముందు మా బడి గురించి చెప్పాలి. అంబర్‌పేట వైపు ఒక ప్రభుత్వ హైస్కూలు. నాది తొమ్మిదో తరగతి బీ సెక్షన్, రిజిస్టర్‌లో 39 మంది. తండ్రులు ఎక్కువగా ఆటో నడుపుతారు, సెంట్రింగ్ పనికి పోతారు. తల్లులు ఇళ్లలో పనిచేస్తారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, ఒడిశా నుంచీ బీహార్ నుంచీ వచ్చిన కుటుంబాల పిల్లలున్నారు. పుస్తకం ఇంగ్లిష్ మీడియం. నేను తెలుగులో చెప్పి, హిందీలో మళ్లీ చెప్పి, బోర్డు మీద ఇంగ్లిష్‌లో రాస్తాను. పెద్ద టచ్ ప్యానెల్ ఒకటుంది, అది పదో తరగతి గదిలో. దాని మీద ఏదైనా చూపించాలంటే ఆ సెక్షన్ సార్‌ని అడిగి పీరియడ్ మార్చుకోవాలి. నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాటే.

పొరపాటు సంగతి ముందు చెప్తాను.

అన్నిటికంటే తేలికగా కనిపించింది గూగుల్ ఫామ్. ప్రశ్నలు టైప్ చేయడం, సరైన జవాబు గుర్తుపెట్టడం, లింక్ పంపడం, అంతే. దిద్దే పని అదే చేస్తుంది. జూన్ ఆఖర్లో ఐదు ప్రశ్నలు పెట్టి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్‌లో సాయంత్రం ఆరింటికి లింక్ పంపించాను. రేపటికల్లా అందరూ పంపాలన్నాను. మర్నాడు పొద్దున చూస్తే పద్నాలుగే వచ్చాయి. కోపమొచ్చింది. క్లాసులోకి వెళ్లి, పంపనివాళ్లను నిలబడమన్నాను. ఇరవై ఐదు మంది లేచి నిలబడ్డారు. ఎందుకు పంపలేదని కూడా అడగలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫామ్‌లో వచ్చిన జవాబుల షీట్ తెరిచాను. ప్రతి వరస మొదట్లో ఆ జవాబు ఎన్ని గంటలకు వచ్చిందో ఉంటుంది. ఏడు, ఏడున్నర, ఎనిమిది... చివరి వరస దగ్గర ఆగిపోయాను. రాత్రి 11:42. ఆ అమ్మాయి రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చుంటుంది. పొద్దున ప్రార్థన దగ్గరే నా దగ్గరికొచ్చి "పంపిన మేడమ్, చూసిర్రా?" అని అడిగింది. చూస్తానమ్మా అని పంపేశాను. ఇప్పుడు పిలిచి అడిగితే చెప్పింది. ఇంట్లో ఫోను ఒక్కటే, అది నాన్న దగ్గరుంటుంది. నాన్న ఆటో పెట్టేసి వచ్చేసరికి పదకొండు దాటుతుంది. అంతవరకూ పడుకోకుండా కూర్చుంది. ఆయన అన్నం తింటున్నప్పుడు ఫోను తీసుకుని పూర్తిచేసింది. ఐదింట్లో మూడు సరైనవి. ఆ రెండు తప్పులు లెక్క రాక వచ్చినవో, నిద్ర ముంచుకొచ్చి వచ్చినవో నాకెలా తెలుస్తుంది?

తర్వాత నిలబడ్డ పిల్లల్ని ఒక్కొక్కరినీ అడిగాను. అన్న డెలివరీ పనికి ఫోను తీసుకెళ్లాడు. డేటా అయిపోయింది. అమ్మ ఫోను బటన్ ఫోను. గ్రూప్‌లో ఉన్న నంబరు ఊళ్లో ఉన్న మామయ్యది. ఒకబ్బాయి లింక్ నొక్కితే జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగిందట. అది నేను సెట్టింగ్స్‌లో చూసుకోవాల్సిన విషయం. మర్నాడు క్లాసులో అందరి ముందూ నిలబెట్టినందుకు సారీ చెప్పాను. పిల్లలు "పర్వాలేదు మేడమ్" అన్నారు, అదే రాగంలో.

ఆ రోజు నుంచి ఇంటికి ఫోను పని ఇవ్వడం మానేశాను. నోట్‌బుక్‌లో టూల్స్ పట్టికకు ఇంకో గడి చేర్చి, 'పిల్లల దగ్గర ఏం ఉండాలి?' అని పైన రాశాను. ఆ గడి నింపేసరికి సగం పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. కహూట్ అనే క్విజ్ ఆట చాలా సరదాగా ఉంటుంది, నార్వేలో పుట్టింది. అలాంటిదే క్విజిజ్, మన బెంగళూరు వాళ్లు మొదలుపెట్టింది, ఇప్పుడు వేగ్రౌండ్ అంటున్నారు. రెండూ మంచివే, కానీ వాటిని మామూలుగా ఆడించాలంటే ఒక్కొక్కరి ముందూ ఒక ఫోనో ట్యాబో ఉండాలి. ఇంకొన్ని 'ఫ్రీ' అని పెద్దగా రాసి, మూడో పేజీలో బ్యాంకు కార్డు నంబరు అడిగాయి. వాటిని అక్కడే మూసేశాను.

అలా కొట్టేస్తూ పోతే మిగిలింది ప్లికర్స్. పేపర్ క్లిక్కర్స్ అన్న మాటలు కలిపి ఆ పేరు పెట్టారు. పిల్లల దగ్గర ఏమీ ఉండక్కర్లేదు, ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం కార్డు చాలు. కార్డు మీద నల్ల గళ్లతో ఒక బొమ్మ ఉంటుంది, చూడ్డానికి క్యూఆర్ కోడ్‌కి చెల్లెలిలా. ఒక్కో కార్డుకి ఒక నంబరు, ఏ రెండు కార్డుల బొమ్మలూ ఒకేలా ఉండవు. బొమ్మ నాలుగు వైపులా సన్నటి అక్షరాలతో ఏ, బీ, సీ, డీ అని ఉంటుంది. తన జవాబు బీ అనుకుంటే బీ ఉన్న అంచు పైకొచ్చేలా కార్డు తిప్పి పట్టుకోవాలి. నేను ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒకసారి అటునుంచి ఇటు చూపిస్తే, ఎవరు ఏది పట్టుకున్నారో యాప్ చదివేస్తుంది. బొమ్మలు వేరు, అక్షరాలు చిన్నవి కాబట్టి పక్కవాళ్లది చూసి పెట్టడం కుదరదు. ఉచిత ఖాతాలో కొన్ని హద్దులున్నాయి, కానీ క్లాసు చివర ఒకటి రెండు ప్రశ్నలకు అవేమీ అడ్డం రాలేదు.

నలభై కార్డుల సెట్ వాళ్ల సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కోఠిలో జిరాక్స్ షాపుకి వెళ్లాను. షాపులో అన్న ఒక్కో కాగితం బయటికి వస్తుంటే వింతగా చూశాడు. "ఏంది మేడమ్ ఇవి? స్కాన్ చేస్తే పైసలు వస్తయా?" అన్నాడు. పిల్లల పరీక్షకని చెప్తే, "అయితే లామినేషన్ చేపియ్యండి, లేకుంటే రెండ్రోజులల్ల చింపుతరు" అని సలహా ఇచ్చాడు. మంచి సలహాయే అనుకుని అన్నీ లామినేషన్ చేయించాను.

ఆ సాయంత్రం ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర మా అమ్మాయి చేతికి ఒక కార్డిచ్చి పరీక్షించాను. ట్యూబ్‌లైట్ వెలుగు లామినేషన్ మీద పడి తళుక్కుమంది. ఫోను ఏమీ చదవలేదు. కొంచెం వంచి పట్టుకుంటే చదివింది, తిన్నగా పెడితే మళ్లీ లేదు. ముప్పైతొమ్మిది మందిని కార్డు ఏ కోణంలో వంచాలో సరిచేస్తూ కూర్చుంటే పీరియడ్ అయిపోతుంది. మర్నాడు మళ్లీ కోఠి వెళ్లి, మెరుపు లేని మందపాటి అట్ట కాగితం మీద ప్రింట్ తీయించాను. ఎవరైనా మొదలుపెడితే ఈ ఒక్కటి గుర్తుంచుకోండి, మెరిసే లామినేషన్ వద్దు. ఇంకోటి, పిల్లలు కార్డును మధ్యలో పట్టుకుంటారు. వేళ్లు నల్ల గళ్ల మీద పడితే ఫోను చదవదు. అంచులు పట్టుకోవడం అలవాటయ్యేసరికి రెండు మూడు రోజులు పట్టింది.

యాప్‌లో పిల్లల పేర్లు ఎక్కించలేదు. 1 నుంచి 39 వరకూ నంబర్లే పెట్టాను. ఏ నంబరు ఎవరిదో నా రిజిస్టర్‌లో ఉంది, అది నా బ్యాగులో ఉంటుంది. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేస్తుంది, వాళ్ల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, పద్నాలుగేళ్ల పిల్ల లెక్కల్లో ఎన్ని తప్పులు చేసిందో ఆ పిల్ల పేరుతో సహా ఎక్కడో సర్వర్‌లో ఉండటం నాకు ఇష్టం లేదు.

ఇక మొదటి రోజు సంగతి. బహుపదుల పాఠం. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ వాళ్లు ఎనిమిదిలోనే చదివారు. నేను మళ్లీ బోర్డు మీద విడమరిచి చెప్పాను, మూడు లెక్కలు చేయించాను. "అర్థమైందా?" "అర్థమైంది మేడమ్." అప్పుడు కార్డులు పంచి బోర్డు మీద ఒక్క ప్రశ్న రాశాను. ఎక్స్ ప్లస్ 3 హోల్ స్క్వేర్ ఎంత? ఏ: ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9. బీ: ఎక్స్ స్క్వేర్ ప్లస్ 6ఎక్స్ ప్లస్ 9. సీ: ఎక్స్ స్క్వేర్ ప్లస్ 3ఎక్స్ ప్లస్ 9. డీ: ఎక్స్ స్క్వేర్ ప్లస్ 6.

కార్డులు పైకి లేచాయి. ఫోను పట్టుకుని ఎడమ వరస నుంచి మెల్లగా తిప్పాను. తెర మీద ఒక్కో కార్డు నంబరు కనిపిస్తుంది, జవాబు సరైతే ఆకుపచ్చ, తప్పైతే ఎరుపు. ఆ రంగులు నాకు తప్ప ఎవరికీ కనిపించవు. ఎరుపు, ఎరుపు, ఎరుపు, ఒక ఆకుపచ్చ, మళ్లీ ఎరుపు. కిటికీ వైపుకి వచ్చేసరికి నా చెయ్యి కొంచెం వణికింది. ఆ రోజు వచ్చిన 36 మందిలో 21 మంది ఏ పట్టుకున్నారు. సరైన బీ పట్టుకున్నవాళ్లు 8 మంది. సీ 5, డీ 2. నిమిషం క్రితం అర్థమైందని చెప్పింది ఈ 36 మందే.

వాళ్లు అబద్ధం చెప్పారని నేననుకోవడం లేదు. స్క్వేర్ అంటే లోపలున్న ఒక్కొక్కదాన్నీ స్క్వేర్ చేయడమేనని వాళ్లకు నిజంగానే అర్థమైంది. అది తప్పని వాళ్లకు తెలియదు, వాళ్లకు అలా అర్థమైందని నాకు తెలియదు. బోర్డు దగ్గరికి పిలిస్తే వచ్చే నలుగురు పిల్లలు ఆ ఎనిమిది మందిలో వాళ్లే. అంటే ఇన్నేళ్లూ నేను ఆ నలుగురికి పాఠం చెప్పి క్లాసుకంతా చెప్పాననుకున్నానన్నమాట.

మర్నాడు పీరియడ్ మార్చుకుని పిల్లల్ని ప్యానెల్ ఉన్న గదికి తీసుకెళ్లాను. ఫెట్ అని అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల సైటుంది. 2001లో ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. భౌతిక, రసాయన శాస్త్రాలకు ఎక్కువ వాడతారు కానీ లెక్కలకూ మంచి సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే మార్చి చూసే బొమ్మలు, ఉన్నాయి. స్వచ్ఛందంగా అనువదించేవాళ్లు కొన్నిటిని తెలుగులోకి కూడా తెచ్చారు. అన్నిటికంటే నాకు నచ్చింది, ఇంట్లో వైఫై ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే క్లాసులో నెట్ లేకపోయినా నడుస్తాయి. అందులో 'ఏరియా మోడల్ ఆల్జీబ్రా' తెరిచి, పై అంచు మీద ఎక్స్, 3 పెట్టాను, పక్క అంచు మీద ఎక్స్, 3 పెట్టాను. చతురస్రం నాలుగు గదులైంది. ఒక గదిలో ఎక్స్ స్క్వేర్, ఎదురు మూల గదిలో 9. మిగిలిన రెండు గదులు చూపించి ఏమీ అనకుండా నిలబడ్డాను. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి, "మేడమ్, మనం ఆ రెండు రూములు ఒదిలేసినం" అన్నాడు. ఇప్పుడు మా క్లాసులో దాని పేరు అదే, 'ఒదిలేసిన రూములు'. నేను కూడా అలాగే అంటున్నాను. ఆ తర్వాత ఎక్స్ బదులు 1 పెట్టి చూడమన్నాను. 4 స్క్వేర్ 16, వాళ్ల జవాబుకి 10. తేడా ఆరు, రెండు రూముల్లోనూ కలిపి ఉన్నది ఆరు.

మరుసటి రోజు వై ప్లస్ 5 హోల్ స్క్వేర్ అడిగాను. 35 మందిలో 24 మంది ఆకుపచ్చ. మిగతా పదకొండు నంబర్లు రిజిస్టర్‌లో చూసుకుని, వారం పాటు మధ్యాహ్నం భోజనమయ్యాక ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టుకున్నాను. ఇందులో ముగ్గురికి అసలు ఇబ్బంది ఈ సూత్రం కాదు, ఎక్కాలు. అది నాకు జూన్‌లోనే తెలియాల్సింది. మైనస్ గుర్తు వచ్చినప్పుడు మళ్లీ చాలామంది తడబడ్డారు, దాని మీద ఇంకా పని నడుస్తోంది.

మూడోది జియోజెబ్రా, తెర మీద బొమ్మలు గీసి జరిపి చూసే లెక్కల సాఫ్ట్‌వేర్. మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో తన చదువులో భాగంగా తయారుచేసింది, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. ఇది కూడా ల్యాప్‌టాప్‌లో దించుకుంటే నెట్ అక్కర్లేదు. దీన్ని వృత్తాల పాఠానికి వాడాను. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం అన్న సిద్ధాంతం. ముందు అందరితో నోట్‌బుక్‌లో వృత్తలేఖినితో గీయించి, కోణమానినితో కొలిపించాను. 88, 91, 90, 92 ఇలా వచ్చాయి. 88 వచ్చినవాళ్లు రబ్బరు తీసుకుని చెరిపేస్తున్నారు. చెరపొద్దని చెప్పి ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లాను.

వ్యాసం ఏబీ, వృత్తం మీద చుక్క సీ, పక్కన 90 డిగ్రీలు. చుక్కను జరిపినా 90 కదలదు. ఇంట్లో నేను చూసుకున్నది అంతే, పైభాగంలో అటూ ఇటూ. క్లాసులో ఒకబ్బాయిని పిలిచి జరపమన్నాను. వాడు ఆగకుండా చుక్కను కిందికి లాగేశాడు. 90 పోయి 270 వచ్చింది. క్లాసంతా "మేడమ్, 270!" అని అరిచింది. ఒకమ్మాయి "సిద్ధాంతం తప్పా మేడమ్?" అంది. ఆ క్షణం నాకూ జవాబు తెలియదు. "నాకూ తెలియదు, ఎందుకో అందరం కనిపెడదాం" అన్నాను. గొడవ ఆగిపోయి గది నిశ్శబ్దమైంది. రెండు నిమిషాలు పట్టింది. రాత్రి 11:42కి జవాబు పంపిన అమ్మాయే లేచి, "360లో 90 తీసేస్తే 270 మేడమ్. అది బయటి కోణం చూపిస్తుంది" అంది. కరెక్ట్. జియోజెబ్రా ఒక భుజం నుంచి ఇంకో భుజానికి గడియారం ముల్లుకి ఎదురు దిశలో కొలుస్తుంది, అందుకే చుక్క కిందికొస్తే బయటి వైపు కోణం చూపిస్తుంది. కావాలంటే ఆ కోణం సెట్టింగ్స్‌లో 0 నుంచి 180 మధ్యే చూపించమని పెట్టుకోవచ్చు. నేను మార్చలేదు. రిఫ్లెక్స్ కోణం, అంటే 180 దాటిన కోణం గురించి అంత బాగా చెప్పే అవకాశం నాకు ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు.

అంతలో ఆ అబ్బాయి చుక్కను మెల్లగా జరిపి సరిగ్గా ఏ మీద పెట్టాడు. కోణం విలువ ఉండే చోట ప్రశ్నార్థకం వచ్చింది. "దీనికి కూడా తెల్వదు మేడమ్" అన్నాడు. ఎందుకు తెలియదో మాట్లాడుకున్నాం. రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడితే ఆ రెంటి మధ్య గీతే ఉండదు, ఒక్క గీతతో కోణం ఎక్కడిది? బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు. తర్వాతి పీరియడ్ సోషల్ మేడమ్ తలుపు దగ్గర రెండు నిమిషాలు నిలబడి చూశారు, ఆమెకు థ్యాంక్స్ చెప్పాలి.

పాఠాలుండే దీక్ష యాప్ గురించి కూడా అడుగుతుంటారు. 2017లో కేంద్రం తెచ్చింది, పాఠ్యపుస్తకాల్లో ఉండే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దానికి సంబంధించిన పాఠం వస్తుంది. నేను దాన్ని క్లాసులో పిల్లలకు చూపించడం తక్కువ, పాఠం ముందు నేను చూసుకోవడానికి వాడుకుంటాను.

ప్లికర్స్ వాడటం మొదలుపెట్టాక నా పని పెరిగిన చోటు ఒకటుంది, అది ప్రశ్న రాయడం. సరైన జవాబు రాయడం ఎంతసేపు? కష్టమంతా మిగతా మూడింటిదే. మొదట్లో తోచిన అంకెలు పెట్టేదాన్ని. పిల్లలు చూడగానే అవి కావని తెలిసిపోయేది, అందరికీ ఆకుపచ్చే. దానివల్ల నాకు తెలిసేదేమీ లేదు. ఇప్పుడు పాత స్లిప్ టెస్ట్ పేపర్ల కట్ట ముందేసుకుని, పిల్లలు నిజంగా రాసిన తప్పుల్లోంచే ఆ మూడూ తీసుకుంటున్నాను. అప్పుడు ఎవరు ఏ కార్డు తిప్పారో చూస్తే ఎక్కడ దారి తప్పారో తెలుస్తుంది. 3ఎక్స్ అన్నవాళ్లు ఒక రూమే చూశారు, 9 మాత్రమే అన్నవాళ్లు రెండూ వదిలేశారు. ఇద్దరికీ చెప్పాల్సిన మాట వేరు.

అలా ఇప్పటికి నా దగ్గర 42 ప్రశ్నలు తయారయ్యాయి. బహుపదులు, సరళరేఖలు-కోణాలు, వృత్తాలు. తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉన్నాయి. ఇక సంభావ్యత మొదలుపెట్టాలి, దానికి నా పాత పేపర్లలో తప్పులు సరిపోవడం లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెప్పేవాళ్లెవరైనా మీ పిల్లలు రాసిన తప్పు జవాబులు, పేర్లు లేకుండా, ఎలా రాశారో అలాగే నాకు పంపండి. నా 42 ప్రశ్నలూ మీకు పంపుతాను. 23వ నంబరు కార్డు నిన్న వర్షంలో తడిసింది, ఈ శనివారం ఎలాగూ కోఠి వెళ్తున్నాను. ఎవరికైనా కార్డుల సెట్ కావాలంటే అప్పుడే ఇంకోటి తీయిస్తాను.